పక్క ఫ్లాట్ వాళ్లకు సిస్టమ్ అసెంబుల్ చేశాను, లేబర్ అడగాలా వద్దా?

కేపీహెచ్‌బీ_కుర్రాడు | శనివారం, రాత్రి 11:10

అందరికీ నమస్తే. పగలు ఒక ఆఫీసులో డెస్క్‌టాప్ సపోర్ట్ చేస్తాను. ఏడాదిగా ఆదివారాలు, ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు తెలిసినవాళ్లకు సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. పార్ట్స్ అన్నీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచే.

నాలుగు నెలల కింద పక్క ఫ్లాట్ అంకుల్ వాళ్ల అబ్బాయికి ఒకటి చేసిచ్చాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్ట్స్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై). బిల్లు ఆయన పేరు మీదే తీయించాను. లేబర్ అడగలేదు. ఆంటీ పండక్కి అరిసెలు పంపుతారు, అలాంటి ఇంట్లో డబ్బులెలా అడుగుతాం అనిపించింది.

రెండు వారాలుగా సాయంత్రం గేమ్ ఆడుతుంటే ఉన్నట్టుండి ఆగిపోతోందట. మూడుసార్లు వెళ్లాను. నేను ఉన్నప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. ర్యామ్ తీసి పెట్టాను. నా డబ్బుతోనే థర్మల్ పేస్ట్ కొని మార్చాను. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపితే ఒక్క ఎర్రర్ రాలేదు. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 అనే ఎర్రర్ తప్ప ఇంకేమీ లేదు. నిన్న లిఫ్ట్ దగ్గర అంకుల్ కనపడి "షాపులో కొనుంటే వాళ్లే చూసేవాళ్లు కదా బాబూ" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

ఈ ఫాల్ట్ ఎక్కడుండొచ్చు? ఇక ముందు లేబర్ తీసుకోవాలంటే ఎంత, ఎలా అడగాలి? ఈ పనిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

బోడుప్పల్_బిల్డర్ | శనివారం, రాత్రి 11:32

లోడ్ పడ్డప్పుడే ఆగుతోందంటే నూటికి తొంభై ఎస్‌ఎంపీఎస్సే. మంచిది ఇంకొకటి తెచ్చి రెండ్రోజులు పెట్టి చూడు.

లేబర్ సంగతి. నేను లేబర్ అని విడిగా అడగను. పార్ట్స్ మీద రెండు మూడు వేలు కలిపి ఒకే రేటు చెప్తాను. లేబర్ అనగానే మనవాళ్లు బేరం మొదలుపెడతారు, మొత్తం రేటు చెప్తే పెట్టరు. ఆరేళ్లుగా ఇలాగే నడుస్తోంది.

పార్క్‌లేన్_పాతకాపు | ఆదివారం, ఉదయం 6:48

తమ్ముడూ, పార్ట్ మార్చే ముందు ఆ పిల్లాణ్ని ఒక్క మాట అడుగు. సిస్టమ్ ఆగిపోయినప్పుడు మానిటర్ లైటు వెలుగుతూనే ఉంటుందా, అదీ పోతుందా?

ఎస్‌ఎంపీఎస్ పోతే సీపీయూ ఒక్కటే ఆగాలి. మానిటర్‌కు దాని కరెంటు దానికి ఉంది కాబట్టి "నో సిగ్నల్" అని చూపిస్తుంది. రెండూ ఒకేసారి ఆరిపోతే తప్పు నువ్వు అసెంబుల్ చేసిన పెట్టెలో లేదు, దాని బయట ఉంది. ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్స్, యూపీఎస్, వీటిలో ఒకటి. నేను ఇరవై రెండేళ్లు సర్వీస్ కౌంటర్‌లో కూర్చున్నాను. బాగున్న ఎస్‌ఎంపీఎస్‌లు వాపసు రావడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

కెర్నెల్ పవర్ 41 చూసి భయపడకు. షట్‌డౌన్ చేయకుండా కరెంటు పోయిందని విండోస్ రాసుకున్న మాట అది. ఎందుకు పోయిందో దానికి తెలియదు.

కేపీహెచ్‌బీ_కుర్రాడు | ఆదివారం, ఉదయం 9:15

అన్నా, ఇప్పుడే అడిగి వచ్చాను. మానిటర్ కూడా ఆరిపోతుందట! యూపీఎస్ ఉంది. పాత సిస్టమ్‌కు వాడినదే, కెపాసిటీ 600 వీఏ. బ్యాటరీ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు. కానీ ఆ టైములో కరెంటు పోలేదని, ఫ్యాను, లైట్లు వెలుగుతూనే ఉన్నాయని గట్టిగా చెప్తున్నారు.

సర్క్యూట్_అక్క | ఆదివారం, ఉదయం 9:40

ఇంట్లో ఇన్వర్టర్ ఉందా తమ్ముడూ? ఉంటే లైట్లు, ఫ్యాన్లు దాని లైను మీద ఉంటాయి. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా హాల్లో కూర్చున్నవాళ్లకు తెలియదు. కంప్యూటర్ ప్లగ్గు మాత్రం చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైనులో ఉండదు.

పరీక్ష సులువు. ముందు సేవ్ చేయాల్సినవన్నీ సేవ్ చేయించు. గేమ్ నడుస్తుండగా యూపీఎస్‌కు కరెంటు వెళ్లే గోడ స్విచ్ ఆపు. వెంటనే రెండూ చచ్చిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. తర్వాత గేమ్ లేకుండా, డెస్క్‌టాప్ మీద ఉంచి అదే చెయ్యి. అప్పుడు కొన్ని సెకన్లు నిలబడొచ్చు. బ్రౌజింగ్‌లో ఆగకుండా గేమ్‌లోనే ఎందుకు ఆగుతోందో నీకే అర్థమవుతుంది.

నేను నాచారంలో ఇంట్లోనే చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీద చిప్‌ల రిపేరు చేస్తాను. పిల్లలు స్కూలుకెళ్లాక నాలుగు గంటలు, రాత్రి రెండు గంటలు. బోడుప్పల్ తమ్ముడి పద్ధతి నాకు నచ్చలేదు, ఆ మాట ఇక్కడే చెప్తున్నా. 62 వేలైన సిస్టమ్‌కు 65 అని చెప్పామనుకో, ఆయన ఇంటికెళ్లి ఫోన్‌లో ఒక్కో పార్ట్ రేటు వెతికితే తేడా తెలిసిపోతుంది. అది మన కూలి అనుకోడు, మోసం అనుకుంటాడు. రెండు గంటలు కూర్చుని కేబుళ్లు సర్ది, బయోస్ (బోర్డులో ఉండే స్టార్టింగ్ ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి, విండోస్ వేసి, ఒక రాత్రంతా టెస్ట్ చేసిన పనికి మోసమనే పేరు ఎందుకు రావాలి? దర్జీ కుట్టుకూలి విడిగానే అడుగుతాడు, గుడ్డ ఖరీదులో కలిపేయడు.

బోడుప్పల్_బిల్డర్ | ఆదివారం, ఉదయం 10:05

అక్కా, మీరు చెప్పింది న్యాయమే. కానీ నాకు జీతం ఉద్యోగం లేదు, ఇదే ఆధారం. లేబర్ 2,000 అంటే "షాపులో అసెంబ్లింగ్ ఫ్రీ అంటున్నారు" అంటారు. షాపువాళ్లు మార్జిన్‌లో తీసుకుంటారని వాళ్లకు ఎవరు చెప్తారు?

పైగా ఇప్పుడు మార్జిన్ లెక్క కూడా నిలవడం లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు చూస్తున్నారు కదా. మెమరీ చాలావరకు ఏఐ డేటా సెంటర్లకే పోతోంది. ఆ డిసెంబర్‌లో మెమరీ కంపెనీ మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌ను మామూలు కొనుగోలుదార్లకు అమ్మడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సోమవారం చెప్పిన రేటుకు గురువారం సరుకు దొరకలేదు, ఒక సిస్టమ్‌లో నా జేబులోంచి 1,800 పోయాయి. అప్పటి నుంచి కొటేషన్ ఆ రోజుకే అని రాసి పంపుతున్నాను.

మలక్‌పేట్_మెకానిక్ | ఆదివారం, ఉదయం 11:20

అందుకే కస్టమర్‌ను షాపుకే తీసుకెళ్లాలి భాయ్. నేను లిస్ట్ రాసిస్తా, ఇద్దరం కలిసి వెళ్తాం, డబ్బులు ఆయన ఫోన్ నుంచే షాపుకు పోతాయి. నా చేతిలో పడేది నా కూలి ఒక్కటే. రేటు పెరిగినా తగ్గినా ఆయన కళ్ల ముందే.

ప్రాసెసర్ కొనేటప్పుడు బాక్స్ పీసా (కంపెనీ డబ్బాలో వచ్చేది), ట్రే పీసా (డబ్బా లేకుండా విడిగా వచ్చేది) చూడండి. ట్రే పీస్ కొంచెం చవక, కానీ కంపెనీ వారంటీ ఉండదు, అమ్మిన షాపు మాటే వారంటీ. ఇది కస్టమర్‌కు ముందే చెప్పాలి. ఒకసారి చెప్పకుండా పెట్టాను, ఏడో నెలలో ప్రాసెసర్ పోయింది, షాపువాళ్లు చూద్దాం చూద్దాం అన్నారు. చివరికి కొత్తది నేనే కొనిచ్చాను. నాలుగు సిస్టమ్‌ల కూలి పోయింది.

లెక్కల_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

మలక్‌పేట్ గారి పద్ధతిలో ఇంకో లాభం ఉంది. పార్ట్స్ బిల్లు షాపు నుంచి నేరుగా కస్టమర్ పేరు మీద వస్తే మీరు సరుకు అమ్మినట్టు కాదు, సేవ చేసినట్టే. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం పడదు. మీరు కొని మళ్లీ అమ్మితే 18 శాతం జీఎస్టీ కట్టి తెచ్చిన సరుకు మొత్తం మీ అమ్మకాల లెక్కలోకి వస్తుంది. చేతిలో మిగిలేది రెండు వేలైనా లెక్కలో కనపడేది అరవై వేలు.

కేపీహెచ్‌బీ తమ్ముడికి ఇంకో మాట. మీకు జీతం ఉంది. ఈ కూలి డబ్బు యూపీఐలో వస్తుంది కాబట్టి రిటర్న్‌లో చూపించండి. జీతం వాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 వ్యాపార ఆదాయం ఉంటే పనికిరాదు, 3 గానీ 4 గానీ వేయాలి. అలాగే మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, బయట పని చేయొచ్చో లేదో చదవండి. కొన్ని కంపెనీలు ముందే అనుమతి తీసుకోమంటాయి.

కొనే_మనిషి | ఆదివారం, మధ్యాహ్నం 3:05

నేను బాగుచేసేవాణ్ని కాదు, చేయించుకునేవాణ్ని. ఎస్సార్ నగర్‌లో ఉంటాను. నా మాట కూడా వినండి.

కూలి ఇవ్వడానికి మాకు బాధ లేదు. ఎవరు దేనికి బాధ్యులో తెలియకపోవడమే బాధ. నాకు చేసిచ్చిన అబ్బాయి చాలా మంచివాడు, పైసా తీసుకోలేదు. తర్వాత ఏదైనా అయితే ఫోన్ చేయాలంటే నాకే మొహమాటం. డబ్బు తీసుకోని మనిషిని రమ్మని ఎలా అడుగుతాం? రెండు నెలలు సౌండ్ రాకుండానే వాడుకున్నాను. చివరికి బయటవాళ్లను పిలిస్తే, ముందు ప్యానెల్ ఆడియో వైరు పెట్టలేదని తేలింది, ఐదు నిమిషాల పని. ఆ అబ్బాయి వెయ్యి రూపాయలు తీసుకుని ఉంటే మొదటిరోజే ఫోన్ చేసేవాణ్ని.

మీ అంకుల్ అన్న మాటలో కూడా కోపం కన్నా ఇదే ఎక్కువ ఉండొచ్చు బాబూ.

కేపీహెచ్‌బీ_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:20

సార్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఫ్రీగా చేస్తే వాళ్లకు మేలనుకున్నాను. ఇలా ఆలోచించలేదు.

అక్క చెప్పినట్టే చేశాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కంప్యూటర్ ప్లగ్గు దాని లైనులో లేదు. గేమ్ నడుస్తుండగా గోడ స్విచ్ ఆపితే అదే క్షణంలో అంతా చీకటి. డెస్క్‌టాప్ మీద ఉంచి ఆపితే ఆరు సెకన్లు నిలబడింది. యూపీఎస్ విప్పి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. దాని మీద 2020 అని ఉంది.

నేను వెళ్లినప్పుడల్లా ఎందుకు ఆగలేదో కూడా తెలిసింది. మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు అలా పోయి వచ్చేది సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య. నేనేమో ఆఫీసు నుంచి వచ్చి పదింటికి వెళ్తున్నాను.

పార్క్‌లేన్_పాతకాపు | ఆదివారం, రాత్రి 9:55

భేష్. లోపల ఉండేది 12 వోల్టులు, 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. మన ఊరి ఎండకు రెండు మూడేళ్లు వస్తే గొప్ప. కొత్త బ్యాటరీ పెడితే రెప్పపాటు కోతలకు సరిపోతుంది. కానీ 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. ఆ గ్రాఫిక్స్ కార్డు 170 వాట్లు, ప్రాసెసర్, మానిటర్, మిగతావి కలిపితే అంచు దాకా వస్తుంది. కరెంటు నిజంగా పోతే గేమ్ వెంటనే ఆపి షట్‌డౌన్ చేయమని పిల్లాడికి నేర్పు. కుదిరినప్పుడు 1,000 వీఏ పైన తీసుకోమని చెప్పు. ఆ మాట వాట్సాప్‌లో రాసి పంపు, నోటి మాట నిలవదు.

మొదటి రోజే యూపీఎస్ ఏముందని అడిగి ఉంటే ఈ రెండు వారాల టెన్షన్ ఉండేది కాదు. నేను కొత్త సిస్టమ్ ఇచ్చేటప్పుడు ఆ ఇంటి ప్లగ్గు దగ్గరకు మల్టీమీటర్‌తో వెళ్తాను. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య నాలుగైదు వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవమంటాను. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది అనే ఫోన్లు ఎక్కువ భాగం ఎర్త్ లేని ఇళ్ల నుంచే వస్తాయి.

సర్క్యూట్_అక్క | ఆదివారం, రాత్రి 10:30

డబ్బు గురించి ఇంత మాట్లాడుకున్నాం. డేటా సంగతి ఎవరూ ఎత్తలేదు, నాకు అదే పెద్ద భయం. పార్ట్ పోతే కొనివ్వొచ్చు. ఫోటోలు పోతే ఏం కొనిస్తాం?

పోయిన ఏడాది ఒకావిడ ల్యాప్‌టాప్ తెచ్చారు, చార్జింగ్ సమస్య. పనిలో పని అని బయోస్ అప్‌డేట్ చేశాను. ఆన్ చేస్తే బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగింది, 48 అంకెలు. ఆవిడకు అదేమిటో కూడా తెలియదు. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డ్రైవ్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. కీ ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. ఆ అకౌంటేమో ఆవిడ ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబర్ మీద ఉంది. అందులో వాళ్ల నాన్నగారి చివరి రోజుల వీడియోలు ఉన్నాయి. మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. పాత నంబర్ వాళ్ల తమ్ముడి దగ్గర ఉందని తెలిసి, కోడ్ తెప్పించుకుని, కీ తీసి ఎక్కించాక ఆవిడ ఏడ్చారు, నేనూ ఏడ్చాను.

అప్పటి నుంచి స్క్రూడ్రైవర్ పట్టే ముందు రికవరీ కీ ఎక్కడుందో చూపించమంటాను. బ్యాకప్ ఉందా అని అడుగుతాను. లేదంటే దానికి కూలి విడిగా చెప్పి ముందు అదే చేస్తాను. హార్డ్ డిస్క్ టక్ టక్ అంటుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయవద్దు, ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. ముందు క్లోన్ (మొత్తం డిస్క్‌కు నకలు) తీయాలి, రిపేరు తర్వాత. ఇంకొకటి. ఎవరి ఫోల్డర్లూ తెరవను. ఆడపిల్లలు ల్యాప్‌టాప్‌లు నా దగ్గరకు తెచ్చుకునేది ముఖ్యంగా అందుకే.

మలక్‌పేట్_మెకానిక్ | ఆదివారం, రాత్రి 10:58

అక్కా, నిజం. 2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్ వైపు ఇళ్లన్నీ మునిగాయి గుర్తుందా? ఆ వారం నా దగ్గరకు 14 సీపీయూలు వచ్చాయి, అన్నీ బురదలో తడిసినవి. ఆన్ చేయకుండా తెచ్చినవాళ్ల బోర్డులు చాలావరకు బతికాయి. బోర్డు మీది కాయిన్ సెల్ (గుండ్రటి చిన్న బ్యాటరీ) తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, నాలుగు రోజులు ఆరబెట్టాం. పనిచేస్తుందేమో చూద్దామని ఇంట్లో స్విచ్ వేసి తెచ్చినవి కాలిపోయాయి. వాళ్లలో ఒకాయన డీటీపీ చేసుకునే మనిషి, పెళ్లి కార్డుల డిజైన్లన్నీ అందులోనే. డిస్క్ బాగుంది, ఫైళ్లన్నీ వచ్చాయి. ఆయన దగ్గర ఆ నెల కూలి తీసుకోలేదు. అలాంటప్పుడు తీసుకోకపోవడం వేరు, అడగలేక వదిలేయడం వేరు.

బోడుప్పల్_బిల్డర్ | సోమవారం, ఉదయం 7:40

రాత్రి ఇదంతా చదివి ఆలోచించాను. ఈ వారం వచ్చిన ఆర్డర్‌కు పార్ట్స్ బిల్లులు, లేబర్ 2,000 విడివిడిగా రాసి పంపాను. ఆయన ఇంకా జవాబివ్వలేదు. ఒప్పుకుంటే ఇకపై ఇలాగే చేస్తాను.

తమ్ముడికి పని ఎక్కడ ఉందో చెప్తాను. కొత్త అసెంబ్లింగ్ ఈ ర్యామ్ రేట్లతో తగ్గింది. పాతవి బాగుచేయడమే ఎక్కువ. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది, ఇళ్లకు ఏడాది పొడిగింపు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ కన్నా పాత ప్రాసెసర్లు దాదాపు ఏవీ విండోస్ 11 లిస్ట్‌లో లేవు. ట్యూషన్ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో అలాంటివి ఎన్నో ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఫ్రీగా దొరికే లైనక్స్ మింట్ పెట్టి, బ్రౌజర్, లిబ్రే ఆఫీస్ చూపిస్తే చాలామందికి సరిపోతోంది. టాలీ లాంటి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు మాత్రం విండోసే ఉంచాలి. క్రాక్ విండోస్ వేసివ్వకు. తర్వాత వైరస్ వస్తే ఆ పాపం నీ మెడకే చుట్టుకుంటుంది.

కేపీహెచ్‌బీ_కుర్రాడు | మంగళవారం, రాత్రి 10:15

బ్యాటరీ మార్చాను, 1,100 అయింది, బిల్లు అంకుల్‌కు ఇచ్చాను. గేమ్ నడుస్తుండగా ఆయన చేతే స్విచ్ ఆపించాను. సిస్టమ్ ఆగలేదు. యూపీఎస్ కుయ్ కుయ్ మంది, పిల్లాడు గేమ్ ఆపి షట్‌డౌన్ చేశాడు.

అప్పుడు చెప్పాను. "అంకుల్, అసెంబ్లింగ్‌కు నేను అడగలేదు, అది అలాగే ఉండనివ్వండి. ఇకపై ఇంటికి వచ్చి చూస్తే 400 తీసుకుంటాను. నేను పెట్టిన పార్ట్‌లో, నేను చేసిన పనిలో తప్పుంటే ఏడాది వరకు ఏమీ తీసుకోను. పార్ట్ వారంటీ బిల్లు మీద ఉన్న కంపెనీది, తీసుకెళ్లి ఇచ్చే పని నాది." ఇంట్లో రెండుసార్లు అద్దం ముందు చెప్పుకుని వెళ్లాను, అయినా గొంతు వణికింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 400 యూపీఐ చేసి, "వాళ్ల మామయ్యకు కూడా ఒకటి కావాలట, రేటు రాసి పంపు" అన్నారు.

రాస్తున్నాను. లేబర్ 1,500, ఇంటికొచ్చి బిగించడం అందులోనే. యూపీఎస్ ఏముంది, ఎర్త్ ఉందా అన్న ప్రశ్నలు పైనే పెట్టాను. ఇంకేమైనా కలపాలా?

సర్క్యూట్_అక్క | మంగళవారం, రాత్రి 10:40

పాత సిస్టమ్ ఉంటే డేటా ఎక్కించాలా అని అడుగు, ఎన్ని జీబీ ఉందో కూడా. 500 జీబీ ఎక్కించడానికి నీ ఆదివారం సగం పోతుంది, దానికి కూలి విడిగా రాయి. కొటేషన్ ఏ రోజు వరకో కూడా రాయి.

ఆ ఉబ్బిన బ్యాటరీ ఇంకా వాళ్లింట్లోనే ఉంటే తెచ్చి, కొత్తది కొన్న షాపులోనే ఇచ్చెయ్యి. లెడ్ యాసిడ్ కాబట్టి పాతదానికి ఎంతో కొంత తగ్గిస్తారు. ఆ డబ్బు అంకుల్‌కు పంపు.